ముందు దిగొచ్చినోడు ఓడిపోయాడా?

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

గ్రూప్స్‌కి చదువుకుంటా మేం గోర్బచేవ్ పాఠం దగ్గర ఆగిపోయాం. బిట్ల కోసం మొదలుపెట్టిన పాఠం, రాత్రంతా మా రూములో చర్చ అయింది.

ముందు దిగొచ్చినోడు ఓడినట్టే అని మన సీమలో పంతం. అమెరికా, సోవియట్ యూనియన్ నలభై ఏళ్లు ఆ పంతం మీదే ఉన్నాయి. సోవియట్ అంగళ్లలో సరుకుల్లేవు, ఆయుధాలకు మాత్రం డబ్బుంది. 1985లో పదవిలోకి వచ్చిన గోర్బచేవ్ ఈ లెక్క మార్చాడు. 1987 డిసెంబర్ 8న రీగన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. దాని ప్రకారం అమెరికా 846 క్షిపణులు ధ్వంసం చేస్తే, సోవియట్ 1,846 ధ్వంసం చేసింది. రెండింతలకు పైనే! మరుసటేడు ఐక్యరాజ్యసమితిలో, ఎదుటోళ్లను ఏమీ అడక్కుండానే, 5 లక్షల సైన్యం తగ్గిస్తామన్నాడు.

అసలు పరీక్ష 1989లో వచ్చింది. తూర్పు ఐరోపా జనం రోడ్డెక్కారు. 1956లో హంగరీకి, 1968లో ప్రాగ్‌కి పోయిన ట్యాంకులు ఈసారి కదల్లేదు. తూర్పు జర్మనీలో 3 లక్షలకు పైగా సోవియట్ సైనికులున్నా, నవంబర్ 9న బెర్లిన్ గోడ తూటా పేలకుండా తెరుచుకుంది.

ఆయన మచ్చలేనోడని మేం అనడంలేదు. టిబిలిసిలో, విల్నియస్‌లో ఆ సైన్యమే జనాన్ని చంపింది. తగ్గినందుకు నష్టం లేదనీ అనం. 1990లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, 1991 డిసెంబర్ 25న పదవి పోయింది, దేశమే విడిపోయింది. ఆ బలహీనత మన దాకా వచ్చింది. క్రయోజెనిక్ పరిజ్ఞానం ఇస్తామని 1991లో సోవియట్ ఒప్పుకుంది, అమెరికా ఒత్తిడికి 1993లో రష్యా వెనక్కి తగ్గి ఇంజన్లు మాత్రమే ఇచ్చింది. మన యానాదుల పాత నేల శ్రీహరికోట నుంచి సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో రాకెట్ విజయవంతంగా ఎగరడానికి 2014 దాకా పట్టింది.

అయినా ఆ రెండు దేశాల మధ్య అణుయుద్ధం రాలేదు. ఆ లాభం ముందు ఏ పరువు ఎంత?

ఇక మన సంగతి. పోయిన ఆగస్టు 9న తిరుపతిలో మా బ్యానరు ఒకటి, మీ బ్యానరు ఒకటి. హాస్టల్ సమస్యల మీద అర్జీలూ రెండు. యానాది, ఎరుకల, సుగాలి అని లోపల గీతలు. రెండు అర్జీలు చూసిన ఆఫీసరు, ముందు మీరంతా ఒక మాట మీదికి రండని పంపించేశాడు. హాస్టల్లో నీళ్లు లేని పిల్లోడికి ఎవరి బ్యానరైతే ఏంటి?

అందుకే మా వైపు నుంచి చెప్తున్నాం. ఈసారి బ్యానరు మీద ముందు మీ పేరే రాయండి. మైకు మీరే పట్టుకోండి. అర్జీ మాత్రం ఒక్కటే ఉండాలి. షరతులేం లేవు.

ఆదివారం సాయంత్రం మీ హాస్టల్‌కి మేమే వస్తాం. టీ మాత్రం మీరు పోయించాల.