సట్టన్ బాంకు కొండ – కారు వెనక ఇల్లు

పిల్లలూ! ఇంగ్లండు ఉత్తరభాగంలో యార్కుషైరు అనే సీమ ఉన్నది. అక్కడి థర్స్కు పట్టణం నుంచి తూర్పున సముద్రపు ఒడ్డునున్న స్కార్బరోకు ఒక రోడ్డు పోతుంది. దానిని ఏ-170 అంటారు. థర్స్కు దాటి కొన్ని మైళ్ళు పోయామో లేదో, దారికి అడ్డంగా గోడ కట్టినట్టు ఒక కొండ కనిపిస్తుంది. అదే సట్టన్ బాంకు. పేరులో బాంకు ఉన్నది గదా అని అక్కడ డబ్బు దాచుకుంటారనుకోకండి! ఆ సీమవాళ్ళు ఏటవాలుగా ఉండే కొండదారిని బాంకు అంటారు.

కొండ ఎత్తు ఇంచుమించు వెయ్యి అడుగులే. కాని దారి కొన్నిచోట్ల నాలుగడుగులు ముందుకు సాగేసరికి ఒక అడుగు పైకి లేస్తుంది. పైకి చేరి పడమటివైపు చూస్తే పచ్చని పొలాలు చాపలు పరిచినట్టుంటాయి. కొండ పాదాన చెట్ల నడుమ గార్మయిర్ అనే చిన్న సరస్సు కనిపిస్తుంది. థర్స్కులో పశువైద్యం చేస్తూ జేమ్స్ హెరియట్ అనే పేరుతో పుస్తకాలు రాసిన రచయిత, ఇంగ్లండులోకెల్ల అందమైన దృశ్యం ఇదేనన్నాడు. దగ్గరలోనే కిల్బర్ను గ్రామం పైన కొండచరియ మీద 300 అడుగులకు పైగా పొడవున్న తెల్లగుర్రం బొమ్మ ఉన్నది. 1857లో ఆ ఊరి బడిపంతులు జాన్ హాడ్జ్‌సన్, ఆయన శిష్యులు, గ్రామస్థులు కలిసి దానిని చెక్కారని చెబుతారు. పంతుళ్ళూ పిల్లలూ కలిస్తే ఎంత పనయినా అవుతుంది, చూశారా!

ఇంత అందమైన దారిలో ఒక బోర్డు ఉన్నది: కారవాన్లు ఈ దారిన పోరాదు. కారవాను అంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. అందులో మంచాలు, పొయ్యి, బల్ల అన్నీ ఉంటాయి. 1885లో గార్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు ఇలాంటి ఇంటిని విహారం కోసం ప్రత్యేకంగా చేయించుకుని, రెండు గుర్రాలు కట్టి, స్కాట్లండులోని ఇన్‌వర్నెస్ దాకా పోయాడు. ఇప్పుడు గుర్రాల పని ఇంజను చేస్తున్నది.

మరి ఆ ఇంజనుకు ఎలాంటి గేర్లు ఉండాలి? చేత్తో మార్చే గేర్లా, వాటంతట అవే మారే ఆటోమాటిక్ గేర్లా? కారవాను కొనే ప్రతి కుటుంబానికీ వచ్చే ప్రశ్న ఇది.

ముందు ఒక లెక్క చేద్దాం. కారు బరువు 1500 కిలోలు, కారవాను 1200 కిలోలు అనుకోండి. మొత్తం 2700. నాలుగుకు ఒకటి వాలులో ఈ బరువులో సుమారు నాలుగోవంతు, అంటే ఇంచుమించు 650 కిలోల బరువు, బండిని వెనక్కు గుంజుతూ ఉంటుంది. కొండ మధ్యలో ఆగి మళ్ళీ కదలాలంటే ఈ గుంజుడును ఓడించాలి.

చేతి గేర్ల కారులో ఇంజనుకూ చక్రాలకూ నడుమ క్లచ్చి ఉంటుంది. తిరిగే బిళ్ళ ఒకటి ఇంజను చక్రాన్ని మెల్లగా ఒరుసుకుంటూ దానిని పట్టుకుంటుంది. మీ రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని చూడండి. వేడెక్కాయి కదూ? బరువు ఎక్కువైతే క్లచ్చి బిళ్ళ కూడా అలాగే వేడెక్కి, కమురు వాసన కొట్టి, అరిగిపోతుంది. నేర్పు గలవాడు దానిని తక్కువసేపు ఒరవనిస్తాడు.

చాలా ఆటోమాటిక్ కార్లలో ఈ పని నూనె చేస్తుంది. రెండు టేబిలు ఫానులను ఎదురెదురుగా పెట్టారనుకోండి. ఒకటి కరెంటుతో తిరుగుతుంటే, దాని గాలికి రెండవది కూడా మెల్లగా తిరగసాగుతుంది. గాలికి బదులు నూనె ఉన్నదనుకోండి, తోపు ఎంతో ఎక్కువ. వీటి నడుమ మూడో రెక్కల చక్రాన్ని పెడితే, అది నూనెను మళ్ళించి, కదిలే క్షణంలో తిప్పే బలాన్ని ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఫాటింగర్ 1905లో ఓడల కోసం ఈ ఉపాయం కనిపెట్టాడు. ఇందులో ఒరిపిడికి అరిగే బిళ్ళ లేదు. కాని నూనె వేడెక్కుతుంది. అందుకే బరువు లాగే కారుకు నూనెను చల్లబరిచే ఏర్పాటు బాగుండాలి. ఇంకో సంగతి: రెండు క్లచ్చీలతో పనిచేసే ఆటోమాటిక్‌లు కూడా ఉన్నాయి. వాటిలో ఒరిపిడి తప్పదు. కాబట్టి ఆటోమాటిక్ అనే పేరు విని తృప్తిపడక, లోపల ఏమున్నదో అడగాలి.

ఎక్కడం అయింది. దిగడమో? అసలు పరీక్ష అదే. కారు నెమ్మదించినప్పుడు కారవాను ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడుతోనే దాని బ్రేకులు పడతాయి. దిగినంతసేపూ బ్రేకు తొక్కుతూ పోతే బ్రేకులు కాగిపోయి పట్టు సడలుతుంది. అందుకని కొండ దిగేముందే తక్కువ గేరు వేసి, ఇంజను చేతనే బండిని నిలవరించాలి. చేతి గేరు అయితే వేసినది వేసినట్టే ఉంటుంది. ఆటోమాటిక్‌లో కూడా తక్కువ గేరును నిలిపే ఏర్పాటు సాధారణంగా ఉంటుంది. దానిని వాడడం డ్రైవరు నేర్చుకోవాలి. వాటంతట అవే మారే గేర్లు ఉన్నంత మాత్రాన ఆలోచన కూడా దానంతట అదే రాదు గదా!

ఇక నిర్ణయం మీరే చెయ్యండి. తరచు కొండదారుల్లో ఆగి కదిలేవారికి, కారవానును అంగుళం అంగుళంగా వెనక్కు నడపవలసినవారికి, నూనెతో పనిచేసే ఆటోమాటిక్ హాయి. ధర తక్కువ కావాలనేవారికి, క్లచ్చి తొక్కడంలో నేర్పున్నవారికి చేతి గేర్లు చాలు. ఏది కొన్నా కారుతో ఇచ్చే పుస్తకం చూడాలి. ఒకే పేరుగల కారుకు కూడా, గేర్లనుబట్టి లాగదగిన బరువు మారవచ్చు. కొత్తవాళ్ళకు బ్రిటన్‌లో ఇచ్చే సలహా ఏమిటంటే, కారవాను బరువు కారు బరువులో నూటికి 85 వంతులు మించరాదని.

మరి మంచి గేర్లున్న కారు సట్టన్ బాంకు ఎక్కవచ్చునా? ఎక్కరాదు. పూర్వం కారవాన్లు సగం దారిలో చిక్కుకుపోతే, వెనక వచ్చే బళ్ళన్నీ నిలిచిపోయేవి. అందుకే ఆ బోర్డు పెట్టారు. కారవాన్లు చుట్టుదారిన పోయి, వాటిని కింద వదిలినవాళ్ళు ఉత్త కారులో కొండెక్కి ఆ దృశ్యం చూస్తారు. ఈసారి మీరు ఘాటురోడ్డు మీద బస్సులో పోయేటప్పుడు, దిగుడు రాబోతుండగా డ్రైవరు గేరు మార్చే చప్పుడు చెవి ఒగ్గి వినండి. ఆయన అలా ఎందుకు చేశాడో పక్కనున్న నాన్నగారికి మీరే చెప్పండి.