శాంసంగా, రెడ్‌మీనా? మా ఇంట్లో రెండూ ఉన్నాయి



దీపావళికి ఫోన్ కొందామనుకుంటున్నాం, శాంసంగ్ కొనమంటావా రెడ్‌మీ కొనమంటావా అని ఈ వారంలో నలుగురు అడిగారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడే రాస్తే సరిపోతుందనిపించింది. పోస్టు కొంచెం పెద్దది. వానకి చేలో పని ఆగింది కాబట్టి నాకు రాసే తీరిక ఉంది, మీకు చదివే తీరిక ఉంటుందనుకుంటా.

నాది శాంసంగ్ జె7, 2016 మోడల్. 2016 మే నెలలో వచ్చిన కొత్తలో 15,990 పెట్టి కొన్నా. మా తమ్ముడిది రెడ్‌మీ నోట్ 4. 2017 జనవరిలో వచ్చింది. 3 జీబీ ర్యామ్ ఉన్నది, 10,999. ఆన్‌లైన్‌లో మధ్యాహ్నం 12 గంటలకి అమ్మకం పెడితే వాళ్లబ్బాయి మూడు వారాలు కాపు కాసి పట్టాడు.

చూస్తే తమ్ముడి ఫోన్ అయిదు వేలు చవక. కానీ మనం రైతులం కదా, మిర్చితో లెక్క కడదాం. 2016లో నా మిర్చి క్వింటా 12 వేలకి పోయింది. అంటే నా ఫోన్ నాకు పడింది 133 కిలోలు. 2017 ఏప్రిల్లో గుంటూరు యార్డులో మా సరుకు 4 వేలకి అడిగారు. ఆ లెక్కన తమ్ముడి ఫోన్ వాడికి పడింది 275 కిలోలు. ధర తక్కువ ఫోన్‌కి వాడు నాకంటే రెండింతలు పైన మిర్చి పోశాడు. అందులో కోత కూలి, కల్లంలో ఆరబోత, తాలు కాయ ఏరిన కూలి, టిక్కీల కిరాయి అన్నీ ఉన్నాయి.

అందుకే ఆ రోజు నాకు కోపం వచ్చింది. వాడికి సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. కౌలు డబ్బు ఇంకా సగం కట్టాలి. కేంద్రం క్వింటాకి 5 వేల చొప్పున కొంటామని మే నెలలో ప్రకటించేసరికి మా ఇద్దరి సరుకూ అయిపోయింది. అలాంటప్పుడు కొత్త ఫోన్ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. రచ్చబండ దగ్గర పదిమంది ముందు అన్నాను, "ఒరే, కౌలు కట్టలేనోడికి చైనా ఫోనెందుకురా?" అని. వాడేం మాట్లాడలేదు. సాయంత్రం ఇంటికొచ్చి మాత్రం అడిగాడు.

"అన్నయ్యా, ఫిబ్రవరిలో ఏడు వేలు పలికినప్పుడు నాకెవరూ చెప్పలేదు. నా చేతిలో బటన్ల ఫోన్. ఇంకా పెరుగుద్ది ఆగమని కమీషన్ ఆయన అంటే ఆగాను. రోజూ రేటు కనపడితే అప్పుడే అమ్మేవాణ్ని కదా?"

"నాకు రోజూ కనపడింది కదరా. నేనమ్మానా?"

నిజమే. వాట్సాప్ గ్రూపులో ప్రతి సాయంత్రం యార్డు రేట్లు వస్తూనే ఉన్నాయి. ఏడు వేలు, ఆరు వేలు, అయిదు వేలు, రోజూ చూస్తూనే కూర్చున్నా. పోయినేడు 12 వేలు చూసిన కళ్లకి ఏడు వేలు ఆనలేదు. రేటు చూపించడం వరకే ఫోన్ పని. అమ్మే ధైర్యం మనదే. ఆ మాట వాడితో అన్నాక ఇద్దరం చాలాసేపు ఊరుకున్నాం. తర్వాత పది రోజులు వాడు మా గుమ్మం తొక్కలేదు.

సరే, ఇక ఫోన్ల సంగతి. ఆరు నెలలుగా రెండూ ఒకే ఊళ్లో, ఒకే ఎండలో, ఒకే టవర్ కింద నడుస్తున్నాయి. చేలో ఎలా ఉన్నాయో అదే చెబుతా.

ఎండ. ఇందులో నాదే పైచేయి. జె7ది సూపర్ అమోలెడ్ తెర. దానికి అవుట్‌డోర్ మోడ్ అని ఒకటుంది, నొక్కితే ఒక పావుగంట సేపు తెర బాగా వెలుగుతుంది. మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబడి మెసేజ్ చదువుకోవచ్చు. తమ్ముడు తువ్వాలు నెత్తిన కప్పుకుని ఆ నీడలో చూస్తాడు. అదే చెట్టు కిందకొస్తే వాడి తెరే నయం. వాడిది ఫుల్ హెచ్‌డీ, నాది మామూలు హెచ్‌డీ. చిన్న అక్షరాలు, మందు డబ్బా మీది లేబుల్ ఫోటో వాడి దాంట్లో బాగా కనపడతాయి.

బ్యాటరీ. వాడిది 4100, నాది 3300. మనకి మోటారు కరెంటు ఏ వేళకి ఇస్తారో తెలుసు కదా. రాత్రి రెండింటికి లేచి చేలోకి పోతే ఫోనే టార్చి, ఫోనే తోడు. పొద్దున తీసిన వాడి ఫోన్ మర్నాడు మధ్యాహ్నం దాకా వస్తోంది. నాది ఆ రాత్రికే అడుగంటుద్ది. కాకపోతే నా దాంట్లో బ్యాటరీ ఊడదీయొచ్చు. ఇంకోటి కొని జేబులో పెట్టుకుంటే మార్చుకోవచ్చు, రెండేళ్లకి పాడైతే మనమే వేసుకోవచ్చు. వాడిది లోపల బిగించేసి ఉంటుంది, అది మెకానిక్ పని.

వేలిముద్ర. వాడి ఫోన్ వెనక ఉంది, నాకు లేదు. కొన్న కొత్తలో ఊరంతా చూపించాడు. మిరప నాట్లు మొదలయ్యాక దాని జోలికి పోవడం మానేశాడు. మట్టి, మందు జిడ్డు, పగిలిన వేళ్లు. తప్పు ఫోన్‌ది కాదు, రేషన్ షాపు మిషన్ దగ్గర కూడా మనవాళ్ల వేళ్లు అంతే కదా. మా మరదలి వేలికి మాత్రం టక్కున తెరుచుకుంటది, ఆమె వేలు కూడా ఎక్కించాడు. రాత్రి ఎనిమిదైతే ఫోన్ ఆమె చేతిలోనే.

సిమ్ములు. రెడ్‌మీలో రెండో సిమ్ముకీ మెమరీ కార్డుకీ ఒకటే గూడు. రెండు సిమ్ములు వాడేవాళ్లకి కార్డు పట్టదు. ఇది కొనకముందే చూసుకోండి. జియో సిమ్ము రెండింట్లోనూ పనిచేస్తుంది.

రెడ్‌మీలో ఇంకో చిత్రం, టీవీ రిమోట్‌లా వాడుకోవచ్చు. మా అమ్మ సీరియల్ చూస్తుంటే వాళ్లబ్బాయి గుమ్మంలో నిలబడి ఛానల్ మారుస్తాడు. టీవీలో ఏదో పోయిందని పాపం ఆమె వారం రోజులు నమ్మింది.

చైనా ఫోన్ అని నేనన్న మాటకి కూడా జవాబు దొరికింది. ఆ కంపెనీ 2015లోనే మన శ్రీసిటీలో ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. శాంసంగ్‌దీ మన కంపెనీ కాదు, కొరియాది, నోయిడాలో ఫ్యాక్టరీ ఉంది. మన దగ్గర పెద్ద తేడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన నెల తమ్ముడి మిరపలో ముడత మొదలైంది. మందుల షాపులో ఆకు చూడకుండానే పై ముడత మందు ఇచ్చారు. రెండు సార్లు కొట్టాడు, సారికి రెండు వేల అయిదొందల దాకా అయ్యింది. ముడత తగ్గలేదు. మూడోసారికి డబ్బు అడగడానికి నా దగ్గరికి వచ్చాడు. వచ్చినవాడు ఫోన్ తీసి, "అన్నయ్యా, ఇవ్వకముందు ఇది చూడు" అన్నాడు. ఆకు పైవైపు ఒక ఫోటో, తిరగేసి కిందివైపు ఒక ఫోటో, కాడ కనపడేలా ఇంకోటి. ముందు రోజే ఉద్యానశాఖ మేడం గారికి పంపాడట. ఆవిడ జవాబు పెట్టారు. ఆకు అంచులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు. ఇక్కడ అంచులు కిందికి తిరిగాయి, బోర్లించిన దోనెలా ఉంది, కాడ సాగింది, కాబట్టి ఇది నల్లి. దాని మందు వేరు. ఇంతకుముందు కొట్టింది దీని మీద పనిచేయదు.

నేను వెంటనే మా చేలోకి పోయా. నా మొక్కలూ అక్కడక్కడా అలాగే ఉన్నాయి. నేనూ షాపు మాట మీద పై ముడత మందే తెచ్చిపెట్టుకున్నా. ఇంకా మూత తీయలేదు. నాలుగెకరాల మందు వెనక్కిచ్చేసి నల్లి మందు తెచ్చుకున్నా. ఇద్దరి చేలూ ఇప్పుడు తేరుకున్నాయి, కొత్త చిగురు సాఫీగా వస్తోంది.

కెమెరా రెండు ఫోన్లకీ 13 మెగాపిక్సెలే. అదే ఆకు నేనూ తీశా, నా ఫోటోలోనూ స్పష్టంగానే ఉంది. ఏడాదిన్నర నుంచి ఆ కెమెరా నా జేబులోనే ఉంది. నేను తీసినవి పెళ్లిళ్లు, తిరునాళ్లు. వాడు అయిదు నెలల్లో ఆకు తిరగేసి తీయడం నేర్చుకున్నాడు. 275 కిలోలు పోసినోడు కాబట్టి ప్రతి కిలో రాబట్టుకోవాలనుకున్నాడేమో.

కాబట్టి అడిగినవాళ్లకి నా మాట ఇది. రోజంతా బయట తిరిగేవాళ్లు, రాత్రి మోటారుకి పోయేవాళ్లు, డబ్బు చూసుకునేవాళ్లు రెడ్‌మీ నోట్ 4 తీసుకోండి. ఎండలో చదువుకోవాలి, బ్యాటరీ మనమే మార్చుకోవాలి, షాపులో చేత్తో పట్టుకుని చూసి కొనాలి అనుకునేవాళ్లు జె7 తీసుకోండి. ఈ రోజు నేను కొనాలంటే తమ్ముడి ఫోనే కొంటా. అన్నగా ఒప్పుకోవడం కష్టంగానే ఉంది గానీ నిజం అదే. ఈసారి ఇద్దరం మిరప తగ్గించి పత్తి పెంచాం, రేటు ఎలా ఉంటుందో తెలియదు. కొనేముందు మీ పంట ఎన్ని క్వింటాళ్లు పడుతుందో లెక్క కట్టుకోండి.

ఫోటో తీసేవాళ్లకి ఒక మాట. ఆకుని నీడలో పట్టుకుని, వెనక తెల్ల కాగితం పెట్టి, జానెడు దూరం నుంచి తెర మీద ఆకు ఉన్నచోట వేలితో తట్టి తీయండి. పైవైపు, కిందివైపు, మొక్క మొత్తం, మూడూ పంపండి. కిందివైపు లేకుండా పంపితే చూసేవాళ్లు ఏం చెప్పలేరు.

ఇంకొకటి. రచ్చబండ దగ్గర పదిమంది ముందు అన్న మాట పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలి. ఇక్కడ పదిమంది కంటే ఎక్కువే ఉన్నారు. ఒరే తమ్ముడూ, నువ్వు ఆ ఫోన్ కొనడం తప్పు కాదు, నేనలా అనడం తప్పు. రాత్రి ఎనిమిది దాటాక చదివితే మా మరదలికి కూడా చదివి వినిపించు.