అమ్మమ్మ వేళ్ళ లెక్క

పిల్లలూ! జేబులో పట్టే టిష్యూల పొట్లం మీరు చూసే వుంటారు. సంచీలో నాలుగు రోజులు తిరిగేసరికి దాని ప్లాస్టిక్ కాగితం చిరుగుతుంది, లోపలి టిష్యూలకు దుమ్ము పడుతుంది. అలా కాకుండా దానికి నూలు దారంతో ఒక చిన్న తొడుగు అల్లవచ్చు. నేను అల్లిన మొదటి తొడుగు కథ చెబుతాను, వినండి.

మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లె. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. అది ఆ చుట్టుపక్కల ఇంటింటి పని అయింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మమ్మ పదో ఏటనే సూది పట్టింది. ఆమె అల్లినవన్నీ వర్తకుల ద్వారా పై దేశాలకు వెళ్ళిపోయాయి. ఇంట్లో మాత్రం ఒక్కటీ మిగలలేదు.

నేను ఆరో తరగతిలో వుండగా అమ్మమ్మ కంట్లో శుక్లం తీశారు. నీరు కారితే చీర చెంగుతో తుడవవద్దనీ, శుభ్రమైన టిష్యూ వాడాలనీ డాక్టరు చెప్పారు. రెండో కంటికీ చూపు సరిగా ఆనదు. పాపం, పొట్లం కోసం మంచమంతా తడుముకునేది.

"అమ్మమ్మా, నీకొక తొడుగు అల్లి పెడతాను. చేతికి తగలగానే తెలిసిపోతుంది," అన్నాను.

"ముందు కొలుచుకోవే," అన్నది అమ్మమ్మ.

కొలిచాను. పొట్లం పొడవు 11 సెంటీమీటర్లు, వెడల్పు 5.5, మందం 2.5. మందాన్ని మరచిపోతే తొడుగు పట్టదు సుమా! 11కు 2.5 కలిపి, కాస్త వదులు వుంచి, అల్లిక వెడల్పు 14 అనుకున్నాం. ఇక పొట్లం చుట్టూ తిరగడానికి 5.5, 2.5 కలిపితే 8. దానికి రెట్టింపు 16. అదీ అల్లిక పొడవు.

లేసు సూది కొనన చిన్న కొక్కెం వుంటుంది. దానితో దారాన్ని ఒక ఉచ్చులోనుంచి లాగితే కొత్త ఉచ్చు వస్తుంది. అలా 35 ఉచ్చుల గొలుసు వేసి, దానిమీద వరస వెంట వరస అల్లాలి. ప్రతి ఉచ్చునూ దాని తరువాతి ఉచ్చు పట్టి వుంచుతుంది. చివరిదానిలోంచి దారపు కొస దూర్చి బిగిస్తేనే అల్లిక నిలుస్తుంది. అలా బిగించకుండా కొస పట్టి లాగారా, మొదటిదాకా వూడి వస్తుంది!

నేను వరుస చివరి కుట్టును మాటిమాటికీ వదిలేశాను. 35 కాస్తా 30 అయ్యాయి. అల్లిక పైకి పోనుపోను సన్నబడింది. విప్పడానికి బద్ధకం వేసింది. "అమ్మమ్మకు కనిపించదుగా!" అనుకుని, రెండు కొసలూ మధ్యకు మడిచి, పక్కలు సాగదీసి కుట్టేసి, ఆమె చేతిలో పెట్టాను.

అమ్మమ్మ బొటనవేలు అంచు వెంట నెమ్మదిగా నడిచింది. పెదవులు కదిలాయి.

"అయిదు పోయాయే," అన్నది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పు అల్లినందుకు కాదు, ఆమెకు కనిపించదని అనుకున్నందుకు.

అమ్మమ్మ కోప్పడలేదు. "విప్పు. దారం ఎక్కడికీ పోలేదుగా," అన్నది.

విప్పాను. ఈసారి ప్రతి వరుస చివరా ఆగి, 35 లెక్క పెట్టుకున్నాను. మూడు రోజులు పట్టింది. కొసలు మధ్యలో సరిగ్గా కలిశాయి. ఆ సందులోంచి టిష్యూ ఒక్కొక్కటే వచ్చింది. మాసినప్పుడు ఉతుక్కోవడానికి మరొకటి కూడా అల్లాను.

అమ్మమ్మ దాన్ని దిండు కింద పెట్టుకున్నది. "మన ఇంట్లో మిగిలిన లేసు ఇదేనే," అంటూ వచ్చినవారికల్లా చూపించింది.

మీరూ అల్లి చూడండి. వరుస చివరి కుట్టు దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. అది ఇట్టే తప్పించుకుపోతుంది!