వంకర వేలు పుంజు

చలికాలం, ఉదయం ఆరు దాటింది. భిలాయ్‌లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఖుర్సీపార్‌లో ఒక ఇంటి పెరట్లో ఆయన పీట వేసుకుని కూర్చున్నారు. ఒక్కో కోడినీ ఒళ్లోకి తీసుకుని ముక్కు, రొమ్ము ఎముక, కాలి వేళ్లు తడిమి చూస్తున్నారు. మొత్తం తొమ్మిది. వానలకు ముందు 31 ఉండేవి. కొక్కెర తెగులు వారం తిరక్కుండా గూడు ఊడ్చేసింది. టీకా వాయిదా వేసింది ఆయనే. పెళ్లి పనుల్లో పడి 'వచ్చే వారం చూద్దాం' అనుకున్నారు.

అవి పందెం కోళ్లుగా పేరుపడ్డ అసీల్ జాతివి. సోవియట్ సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారంలో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ తర్వాత కొన్నేళ్లకు పనికోసం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఆయన తండ్రి, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వెళ్లే రైల్లో గంపలో పెట్టి తెచ్చిన కోళ్ల సంతతి ఇది. ఊళ్లో ఆ గూడు ఎప్పుడో ఖాళీ అయింది. కాబట్టి ఈ తొమ్మిదీ పోతే ఆ వరస పోయినట్టే. ఆయనకు పందెం మీద మోజు లేదు. తండ్రి చేతి కోళ్లు అన్నదొక్కటే.

సమస్యల్లా, ఈ తొమ్మిదింటిలో మచ్చలేనిది ఒక్కటీ లేకపోవడం.

ఆయన ఉద్యోగమంతా రైలు పట్టాల తనిఖీలోనే గడిచింది. అక్కడ లెక్క సులువు. వెంట్రుకవాసి పగులు కనిపించినా పట్టా పక్కకు వెళ్లాల్సిందే, దాని మీద మనుషులు ప్రయాణిస్తారు మరి. ఆ కన్నుతో చూస్తే ఈ పెరట్లో కూర తప్ప మిగిలేదేమీ ఉండదు. పట్టా పనికిరాకపోతే కరిగించి మళ్లీ పోస్తారు. కోడికి ఆ సౌకర్యం లేదు.

ముందు పెట్టల సంగతి. ఒకదాని ముక్కు కత్తెరలా అడ్డంగా పడింది. ఈ లోపం పిల్లలకూ దిగొచ్చు, పైగా గింజ ఏరుకోలేక చిక్కిపోయింది. దాన్ని తప్పించారు. ఇంకొకటి తన గుడ్లు తనే పొడుచుకు తింటుంది. దాన్నీ తప్పించారు. మూడోదాని మెడ ఒక పక్కకు వాలిపోయింది. చూడ్డానికి అదే అధ్వానం. కానీ అది తెగులు వదిలివెళ్లిన గుర్తు, గుడ్డులోకి దిగేది కాదు. చావుదాకా వెళ్లి తిరిగొచ్చిన పెట్ట అది. రెండు నెలలు విడిగా ఉంచి, తేరుకున్నాక మిగతావాటిలో కలిపారు. మరొకటి గుడ్లు తక్కువ పెడుతుంది. అసీల్ పెట్టలన్నీ అంతే. కానీ పొదగడంలో దాన్ని మించింది లేదు, పిల్లల జోలికొస్తే కుక్కనైనా తరుముతుంది. అలా అయిదు మిగిలాయి.

అసలు తగువు పుంజుల దగ్గర. ఉన్నవి రెండు. ఒకటి డేగ రంగు, నిటారు మెడ, బిగువైన రెక్కలు. రెండోది పాలిపోయిన రంగు, కుడి కాలి వేలు వంకర. శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసిన మేనల్లుడు నవ్వాడు. "అదేటి మావయ్యా, కుంటి పుంజుకి పెట్టల్నిస్తావేటి?"

ఆయన వెంటనే జవాబివ్వలేదు. పాత డైరీ తిరగేశారు. ఆ పుంజు బల్బు పెట్టె పొదుగులో పుట్టింది. ఆ విడతలో ఇంకో రెండు పిల్లలకూ వేళ్లు వంకర. అవే తల్లిదండ్రుల గుడ్లు కోడి కింద పెట్టినప్పుడు ఒక్కదానికీ లేదు. వేడి సరిగ్గా కుదరకపోయినా, తల్లికి మేతలో బి2 విటమిన్ చాలకపోయినా వేళ్లు ముడుచుకుంటాయి. అలాంటప్పుడు నేరం రక్తానిది కాదు, పెట్టెది.

పైగా అందగాడూ కడిగిన ముత్యమేమీ కాదు. అసీల్ తురాయి బఠాణీ గింజల్లా అణిగి ఉండాలి. దాని పిల్లల్లో కొన్నింటికి రంపం పళ్లలా లేచిన తురాయి వచ్చింది. అంటే ఎక్కడో వేరే రక్తం కలిసి, అటు తండ్రిలోనూ ఇటు తల్లిలోనూ దాగి ఉందన్నమాట. మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో విలియం బేట్సన్ చూపించింది ఇలాంటి తురాయిల మీదే. కనబడే మచ్చకు పడే శిక్ష కనబడనిదానికి పడకపోవడం ఎన్నికల్లోనే కాదు, కోళ్ల గూట్లోనూ ఉంది.

పశువైద్యుడు కాగితం మీద ఒక లెక్క వేసి చూపించారు. అమెరికా శాస్త్రవేత్త సెవాల్ రైట్ సూత్రం అది. ఒక పుంజు, అయిదు పెట్టలుంటే తలలు ఆరు. కానీ వరస నిలబడే లెక్కలో అవి మూడుకు కాస్త ఎక్కువే. రెండో పుంజును చేరిస్తే ఆ అంకె 5.7కు పెరుగుతుంది. ఒక్క పుంజే అయితే వచ్చే తరం పిల్లలంతా ఒకే తండ్రి బిడ్డలు. ఆ తర్వాత అన్నాచెల్లెళ్లను కలపడం తప్ప దారి ఉండదు. బస్తర్ సంతలో కొత్త పుంజును కొనొచ్చు, అక్కడా అసీల్ ఉంది. కానీ సంత నుంచి పుంజుతో పాటు తెగులు కూడా రావచ్చు. ఈ ఏడాదికి ఆ ధైర్యం లేదు.

"ఏమండీ, రెండింటినీ ఒకే గూట్లో ఉంచితే ఒకటే మిగులుతుంది" అంది భార్య, తలుపు దగ్గర నుంచి. నిజమే. మధ్యాహ్నానికి పెరటి మధ్యలో వలకంచె లేచింది. మూడు పెట్టలు అటు, రెండు ఇటు. మెడ వాలిన పెట్టను వంకర వేలు పుంజు వైపు వదిలారు. ఈసారి టీకా తేదీ క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాశారు. బల్బు పెట్టె అటక ఎక్కింది.

సంక్రాంతి దాటాక పొదిగే పెట్ట కింద తొమ్మిది గుడ్లు పెట్టారు. వాటిలో నాలుగింటి మీద పెన్సిల్‌తో చిన్న అడ్డగీత ఉంది.