సూదుల్లేని సిరంజీలు

కడియం దగ్గర నర్సరీలో పనికి మారేడుమిల్లి వైపు నుంచి దిగినవాళ్ళం మేం నలుగురం, కొండరెడ్లం. ఇక్కడ మొక్క బతికేది ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్ళతో. అది లారీ దాకా వెళ్ళేది మా భుజాల మీద. మట్టి నింపిన పెద్ద కుండీ మోయాలంటే ఇద్దరు కావాలి. అందుకని షెడ్డు వెనక తుప్పు పట్టి పడున్న డీజిల్ ఆటోని అడిగి తీసుకున్నాం. చట్రం పొడుగు చేసి, ముందు వైపు చెక్క పలకలు పరిచాం. నర్సరీ బాటల్లో తిప్పడానికే. నంబరు లేని బండి గనక హైవే ఎక్కించలేదు.

బండి కదిలింది గానీ చిక్కంతా యాక్సిలరేటర్ దగ్గర వచ్చింది. ఇంజను వెనకాలుంది. పొడుగు పెరిగాక కేబులు మూడు వంపులు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. తొడుగులోకి మట్టీ తడీ చేరి అది పట్టేసేది. ఓ సాయంత్రం కాలు తీసేసినా ఇంజను అరుస్తూనే ఉంది. నడుపుతున్నది మాలో చిన్నోడు. "అన్నా, ఆగట్లేదే!" అని కేక. బండి కాలువ గట్టు వైపు పోతోంది. వాడు మందార మళ్ళలోకి తిప్పేశాడు కాబట్టి దక్కాడు. విరిగిన మొక్కల ఖరీదు మా కూలీలో పోయింది, అది వేరే కథ.

ఆ రాత్రి అన్నాల దగ్గర మాకు పాస్కల్ గుర్తొచ్చాడు. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పోతుందని ఆశ్రమ పాఠశాలలో వల్లె వేశాం. ఆయన రాసిన ఆ పుస్తకం చనిపోయిన మరుసటి ఏడు, 1663లో అచ్చయింది. మాకు పరీక్షలో రెండు మార్కులొచ్చాయి, అంతటితో మర్చిపోయాం. కొండ ఊట నుంచి పైపులో నీళ్ళు తెచ్చుకున్నవాళ్ళం, వంపులు నీటికి అడ్డం కావని మాకు తెలీదా?

మందుల షాపులో సిరంజీలూ, సెలైన్ గొట్టమూ కొన్నాం. సూదులు వద్దంటే షాపాయన మమ్మల్ని అదోలా చూశాడు. పెడల్ కింద ఒక సిరంజీ, ఇంజను దగ్గర ఒకటి, మధ్యలో గొట్టం నిండా నీళ్ళు. ఇక్కడ తొక్కితే అక్కడి పిస్టన్ బయటికొచ్చి డీజిల్ పంపు మీది లీవర్ని నెడుతుంది. కాలు తీస్తే లీవర్ స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది.

మొదటిసారి పెడల్ మెత్తగా దిగిపోయింది, ఇంజను కదల్లేదు. లోపల గాలి బుడగలు. గాలి నలుగుతుంది, నీరు దాదాపు నలగదు. అన్నిటినీ బకెట్టు నీళ్ళలో ముంచి అక్కడే బిగించాం. రెండు సిరంజీలూ ఒకే సైజు కావడంతో కాస్త తొక్కినా గర్జనే. పెడల్ వైపు 10 మిల్లీలీటర్లది, ఇంజను వైపు 20ది పెట్టాక కాలు ఎక్కువ దిగుతుంది, లీవర్ తక్కువ కదులుతుంది. పాదానికి అదుపు దొరికింది.

తర్వాత చేసింది మా తెలివితక్కువ పని. నూనె అయితే బాగా జారుతుందని నీళ్ళు తీసి ఇంజనాయిల్ పోశాం. సిరంజీ రబ్బరు ఉబ్బి పిస్టన్ బిగుసుకుపోయింది. మళ్ళీ అదే అరుపు! చక్రాల కింద రాళ్ళు పెట్టి చూస్తున్నాం గనక సరిపోయింది. కూలెంట్ కలిపిన నీళ్ళకే తిరిగొచ్చాం. సైలెన్సర్ పక్కన వేడికి నీరు వ్యాకోచించి ఇంజను తనంతట తానే వేగం పెంచుకుంటోందని గొట్టాన్ని దూరంగా జరిపాం.

అప్పుడు, రాళ్ళు అలాగే ఉంచి, నడుస్తున్న ఇంజనుకి గొట్టం కోసి చూశాం. నీళ్ళు చిమ్మాయి, స్ప్రింగు లీవర్ని లాగేసింది, ఇంజను నెమ్మదించింది. పిస్టనే పట్టేస్తే మాత్రం స్ప్రింగు ఏమీ చెయ్యలేదు. అందుకని డీజిల్ ఆపే తీగ ఒకటి చేతికందేలా పెట్టి, కొసకి ఎర్రగుడ్డ కట్టాం. బరువెక్కించే ముందు రోజూ పెడల్ మూడుసార్లు తొక్కి వదిలి చూస్తాం, ఆ పని చిన్నోడిదే. తమ్ముళ్ళూ, ఒక్కమాట: సిరంజీలతో బ్రేకు మాత్రం చెయ్యకండి. ఆ ఒత్తిడికి ప్లాస్టిక్ ఆగదు.

పండక్కి వెళ్ళినప్పుడు మా ఊరి బడి మాస్టారికి రెండు సిరంజీలూ, మూరెడు గొట్టమూ ఇచ్చొచ్చాం. పెద్ద సిరంజీ పట్టుకున్న ఏడో తరగతి మొనగాణ్ణి, చిన్న సిరంజీ పట్టుకున్న మూడో తరగతి పిల్ల రోజూ ఓడిస్తోందట.