మంచుగోడ ముందు మూడో అంతస్తు

ఓడ గ్లేసియర్ బేలోకి తిరగకముందే పై డెక్కు కుర్చీల మీద తువ్వాళ్ళు పరిచి జాగాలు పట్టేసుకున్నారు జనం. సియాటిల్లో మా అమ్మాయి ఈ అలాస్కా యాత్రకు టికెట్లు కొన్నప్పటి నుంచీ మా ఇంట్లోనూ అదే చర్చ: హిమానీనదం బాగా కనబడాలంటే ఎక్కడ నిలబడాలి? మావారిది పదో అంతస్తు పక్షం. ఎంత ఎత్తెక్కితే అంత కనిపిస్తుందంటారు.

పొద్దున బార్ట్‌లెట్ కోవ్ దగ్గర చిన్న పడవలో వచ్చిన పార్కు రేంజర్లు తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడలోకి ఎక్కారు. ఇక రోజంతా మైకులో వాళ్ళ మాటలే. 1794లో కెప్టెన్ వాంకూవర్ మనుషులు ఇటు వచ్చినప్పుడు లోపలికి దారే లేదట, ముఖద్వారం దగ్గరే మంచు అడ్డంగా నిలబడి ఉంది. 1879లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి అది 60 కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగిపోయింది. అంతకుముందు ఇక్కడ బతికిన హూనా ట్లింగిట్లను ఊళ్ళు విడిచి పొమ్మన్నదీ ఈ మంచే, ముందుకు తోసుకొచ్చి.

దారిలో ఉన్నంతసేపూ మావారి మాటే నెగ్గింది. పైనుంచి చూస్తే ఒడ్డంతా వరస తప్పకుండా మారుతుంది. మొదట దట్టమైన స్ప్రూస్ అడవి, లోపలికి పోయేకొద్దీ పొదలు, ఆ తర్వాత నాచు, చివరికి వట్టి రాయి. మంచు ఎప్పుడో వదిలేసిన నేలలో అడవి ముదిరింది, మొన్నమొన్న వదిలిన చోట ఇంకా గడ్డిపరకైనా లేదు. విలియం కూపర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1916 నుంచి ఇక్కడ చిన్న చిన్న గళ్ళు కొలిచి, వాటిలో మొలిచిన మొక్కల్ని ఏళ్ళ తరబడి లెక్క రాశాడు. 1925లో ఈ చోటు రక్షిత ప్రాంతమైందంటే అందులో ఆయన పట్టుదల చాలా ఉంది. లాంప్లూ హిమానీనదం దగ్గర నీలం రంగు బయటపడింది. బరువుకు లోపలి గాలి బుడగలు నలిగిపోయి గట్టిపడిన మంచు ఎరుపును మింగేసి నీలాన్నే మన కంటికి వదులుతుంది.

గ్లేసియర్లు దగ్గరపడగానే ఓడ ముక్కు వైపు డెక్కు తలుపులు తెరిచారు. మామూలు రోజుల్లో అక్కడికి ఎవరినీ రానివ్వరు. మా ఓడ డచ్చివాళ్ళది కాబట్టి అక్కడ వేడి వేడి బఠాణీ సూపు కూడా పంచుతున్నారు. మాంసం వేయనిది అడిగి పుచ్చుకున్నాను, చలికి ప్రాణం లేచొచ్చింది. అయితే ఓడ కదులుతుంటే ఎదురుగాలి మొహాన్ని కోసేస్తుంది. ముందు వరసలోవాళ్ళ టోపీలు తప్ప నాకేమీ కనబడలేదు. అద్దాల వెనక వెచ్చగా ఉండే హాలూ ఉంది గానీ, అక్కడి నుంచి తీసిన ప్రతి ఫొటోలోనూ హిమానీనదం మీద ఎవరిదో కాఫీ కప్పు తేలుతుంది.

నేను మూడో అంతస్తుకు దిగాను. ఓడ చుట్టూ తిరిగి వచ్చే చెక్క నడవా అది. వెనక కొసన పట్టుమని పదిమంది లేరు. ఎదురుగా మార్జరీ హిమానీనదం. ఒకటిన్నర కిలోమీటర్ల వెడల్పు, నీటి పైన 75 మీటర్ల ఎత్తు. పదో అంతస్తు నుంచి చూసేవాళ్ళకు దాని వీపు కనిపిస్తుంది, పగుళ్ళు కొండల్లోకి ఎలా సాగిపోయాయో తెలుస్తుంది. కిందనుంచైతే తల పూర్తిగా ఎత్తాలి. అది గోడ అని అప్పుడే అర్థమైంది. పక్కనే గ్రాండ్ పసిఫిక్ హిమానీనదం మట్టీ రాళ్ళూ కప్పుకుని నల్లగా పడి ఉంటే, అదీ మంచేనని చాలామంది గుర్తించనే లేదు.

పైన జనం ఎడమకీ కుడికీ పరుగులు తీస్తున్న చప్పుడు కిందికి వినిపిస్తోంది. అవసరం లేని పరుగు. ఓడ అక్కడ గంటసేపు ఆగి, ఉన్నచోటనే మెల్లగా తిరుగుతుంది. తెప్పోత్సవంలో కోనేటి ఏ మెట్టు మీద కూర్చున్నవాళ్ళకైనా దేవుడు ఎదురుగా వస్తాడు కదా, అలాగే ఓడలో ఏ వైపు ఉన్నవాళ్ళకైనా మార్జరీ వస్తుంది. కళ్ళు మాత్రం చెవుల కంటే ముందుండాలి. శబ్దం విని తల తిప్పితే మంచు అప్పటికే నీళ్ళలో ఉంటుంది, అర కిలోమీటరు దాటి చప్పుడు రావడానికి సెకనున్నర పడుతుంది. గోడ అడుగున చిన్న చిన్న పెళ్ళలు రాలుతున్న చోటు ఒకటి చూసుకుని దాన్నే కనిపెట్టుకుని కూర్చున్నాను. మేడంత ముక్క నిలువునా జారి, నీళ్ళు పైకి లేచాక ఉరుము వినబడింది. నీటికి దగ్గరగా ఉండటంలో ఇంకో లాభం: తేలుతున్న మంచుముక్కలు కరుగుతుంటే లోపలి గాలి చిటపటమనడం కూడా వినిపించింది.

మావారు పైనుంచి దిగొచ్చి, తీసిన ఫొటోలన్నీ చూపించారు. బాగానే ఉన్నాయి, అన్నిట్లోనూ గ్లేసియర్ చదునుగా పడుకుని ఉంది. ఆ మాట ఆయనతో అనలేదు.

మొన్న మా వియ్యపురాలు ఫోన్ చేశారు. "వదినగారూ, మేమూ వెళ్దామనుకుంటున్నాం. బాల్కనీ ఉన్న గది ఎడమవైపు తీసుకోవాలా, కుడివైపా?"

"ఏ వైపైనా ఒకటే. అసలు కిటికీ లేని గది తీసుకోండి వదినగారూ. మిగిలిన డబ్బులతో మంచి ఉన్ని టోపీ, చేతులకు గ్లౌజులు కొనుక్కోండి. అన్నయ్యగారిని పైకి వెళ్ళనివ్వండి, మీరు మాత్రం మూడో అంతస్తుకు దిగండి."