చిన్నాయన చెయ్యి వణకలేదు

మొన్న వేసవిలో మా ప్రెస్సులో అచ్చయిన ఒక శుభలేఖలోంచి పెళ్లికూతురి తాతగారి పేరు ఎగిరిపోయింది. ఇంటివాళ్లు ప్రూఫు చూసి సంతకం పెట్టి వెళ్లారు. ఆ తర్వాత, పేరు ముందు ఖాళీ తక్కువైందనిపించి మా చిన్నాయన అక్కడ ఒక క్లిక్ కొట్టి స్పేస్ నొక్కాడు. ఆయన కొట్టింది ఒకటే. కంప్యూటర్‌కు అందినవి రెండు. పేజ్‌మేకర్‌లో రెండు క్లిక్కులు పడితే పదం మొత్తం సెలెక్ట్ అవుతుంది, ఆ మీద స్పేస్ నొక్కితే పదం పోయి ఖాళీ మిగులుతుంది. నాలుగు వందల కార్డులు అచ్చయ్యాక గాని ఎవరి కంటా పడలేదు. మా ఖర్చుతో మళ్లీ వేసిచ్చాం. కానీ ఆ ఇంటి పెద్దాయన మొదటి కార్డు చేతిలో పట్టుకుని తన పేరు కోసం పైకీ కిందకీ వెతుక్కోవడం నేను మరిచిపోలేను.

చిన్నాయన పదిహేడో ఏట సూర్యాపేటలో ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాడు. సీసం అక్షరాలను కేసులోంచి చూడకుండానే తీసి స్టిక్కులో పేర్చిన చేతులవి. కంప్యూటర్లు వచ్చాక, నలభై దాటిన వయసులో, మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆయనకు అరవై తొమ్మిది. ఆ కార్డుల సంగతి జరిగినప్పటి నుంచి కుర్చీ వైపు రావడమే మానేశాడు. "చెయ్యి వణుకుతున్నది బిడ్డా, ఇగ నువ్వే చూస్కో" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. నేను కూర్చున్నప్పుడూ అదే తంతు. ఒక పేరా సెలెక్ట్ చేద్దామని బటన్ నొక్కిపట్టి లాగుతుంటే సగంలో పట్టు జారిపోయేది. ఫోల్డర్ మీద ఒకసారి నొక్కితే తెరుచుకునేది. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి డబుల్ క్లిక్ వేగం మార్చి చూశాను, లాభం లేదు. కొత్త మౌస్ కొంటే ఒక్కరోజులో తీరే పనే. అయితే చిన్నాయన మనసులో పడ్డ మాట తీరదు. అందుకే మౌస్‌తో పాటు ఆయన్నీ బయల్దేరదీశాను.

ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కాం. అమీర్‌పేటలో మారి ప్యారడైజ్ స్టేషన్‌లో దిగితే పార్క్‌లేన్ దగ్గరే. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను జంట నగరాల్లో అందరూ సీటీసీ అనే అంటారు. కంప్యూటర్ సామాను కావాలంటే మా జిల్లా వాళ్లు కూడా అక్కడికే పరుగెత్తుతారు. కింద అంతస్తుల్లో అమ్మేవాళ్ల సందడి. బాగుచేసేవాళ్లు పైన, మూలల్లో ఉంటారు. మేం వెతుక్కున్న బెంచీ ఒక మనిషి కూర్చుంటే నిండిపోయేంతది. మెడ వంచిన భూతద్దం దీపం, రబ్బరు చాప, మిఠాయి డబ్బా మూతల్లో రకరకాల స్క్రూలు. ముప్పై ఏళ్లుంటాయేమో ఆ తమ్ముడికి.

మౌస్ విప్పుతాడనుకున్నాను. ముందు విప్పలేదు. తన కంప్యూటర్‌కు తగిలించి, రెండు క్లిక్కుల మధ్య ఎంత సమయం గడిచిందో చూపించే ప్రోగ్రాం తెరిచి, "అంకుల్, మీరే నొక్కండి, మెల్లగ, పదిసార్లు" అన్నాడు. చిన్నాయన జంకుతూ నొక్కాడు. తెర మీద పద్నాలుగు లెక్క తేలింది. దొంగ క్లిక్కులు నాలుగూ అసలు క్లిక్కు వెనకే నలభై, యాభై మిల్లీసెకండ్లలో వచ్చి పడ్డాయి. అప్పుడు తన మౌస్ ఇచ్చి మళ్లీ నొక్కమన్నాడు. పదికి పది.

"చూసిన్రా? అదే చెయ్యి, అదే వేలు. నలభై మిల్లీసెకండ్లల్ల రెండుసార్లు కొట్టుడు ఎవ్వరితోని కాదు, నాతోని గూడ కాదు."

చిన్నాయన ఏమీ అనలేదు. తన వేలు వంకే చూసుకున్నాడు.

కంట్రోల్ ప్యానెల్‌తో నా తిప్పలు ఎందుకు వృథా అయ్యాయో అప్పుడు తెలిసింది. విండోస్ మామూలుగా అర సెకండు లోపు వచ్చిన రెండు నొక్కులను డబుల్ క్లిక్ అనుకుంటుంది. ఆ గడువును ఎంత తగ్గించినా 200 మిల్లీసెకండ్ల దగ్గర ఆగుతుంది. దొంగ క్లిక్కు అంతకన్నా చాలా ముందే దూరిపోతుంది.

మౌస్‌ను తిరగేసి, అడుగున అంటించిన నల్లటి పట్టీలను వేడి చేసి లేపాడు. వాటి కింద దాక్కుని ఉన్నాయి స్క్రూలు. మరమ్మతు చేసుకోవడం వినియోగదారు హక్కంటూ 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసి, ఆ ఏడాది చివర్లో పోర్టల్ కూడా తెరిచింది. మంచి పనే. ఆ హక్కు స్క్రూల దాకా రావాలని నా కోరిక. విప్పడానికి వీలుగా చేసిన వస్తువును జనం పారేయరు.

బోర్డు మీద ఎడమ బటన్ కింద చింతగింజలో సగం కూడా లేని నల్లటి డబ్బీ. అదే మైక్రో స్విచ్. దానికి మూడు కాళ్లు. మా మౌస్‌లో పని రెండింటితోనే, మూడోది ఊతానికి. సోల్డరింగ్ ఐరన్‌తో లెడ్ కరిగించి సక్కర్‌తో లాగేసి దాన్ని ఊడదీశాడు. బ్లేడు మొనతో పైమూత తీసి భూతద్దం కింద పెట్టి, "ఇప్పుడు చూడండి అంకుల్" అన్నాడు.

చిన్నాయన వెనక నిలబడి నేనూ వంగి చూశాను. రాగి రంగు రేకు ఒకటి. మధ్యలో చీల్చి విల్లులా వంచిన నాలుక. మీద నుంచి గుండీ దిగితే ఆ రేకు ఒక్కసారిగా టప్పున తిరగబడి, చివరనున్న చుక్కంత ముక్కతో కింది ముక్కను తాకుతుంది. మనం వినే క్లిక్ చప్పుడు ఆ తిరగబడటమే. తాకిన చోట మసి పూసినట్టు మచ్చ ఉంది.

"కార్బన్ పట్టింది" అన్నాడు తమ్ముడు. బెంచీల మీద వాడుక మాట అది. జరిగేది ఇలా: కొత్త స్విచ్‌లో కూడా లోహం లోహాన్ని తాకగానే కుదురుగా నిలవదు, కింద పడ్డ బంతిలా కొన్ని మిల్లీసెకండ్లు ఎగురుతుంది. మౌస్‌లోని చిప్ ఆ కాసేపు ఓపిక పట్టి ఒకే నొక్కుగా రాసుకుంటుంది. ఏళ్లు గడిచి రేకు బిగువు సడలి, తాకే చోట పొర కట్టాక ఎగురుడు ఆ ఓపికను దాటిపోతుంది. చిప్ రెండో నొక్కు అనుకుంటుంది. లాగుతున్నప్పుడు పట్టు జారేదీ ఇందుకే, బటన్ మీద వేలు ఉన్నా లోపల తాకుడు తెగుతుంది. పెద్ద కరెంటు పారే స్విచ్‌లలో నిప్పురవ్వలే ఆ పొరను కాల్చేస్తాయి. మౌస్‌లో పారేది మిల్లీ ఆంపియర్ లెక్కల్లో, పొరను కాల్చేంత సత్తువ దానికి లేదు.

రేకును మళ్లీ వంచి బిగువు తేవచ్చు కదా అన్నాడు చిన్నాయన. ట్రెడిల్ స్ప్రింగులతో ఎన్నేళ్లో గడిపినవాడు మరి. "చేస్తం అంకుల్, పాత మోడల్‌కు వేరే స్విచ్ దొరకకపోతే అదే చేస్తం. కొన్ని నెలలు నడుస్తది. స్ప్రే కొడితే కొన్ని రోజులు." కొత్తది వేయడమే మేలని తమ్ముడి మాట. డబ్బాలో ఓమ్రాన్, హువానో, కైల్ కంపెనీల స్విచ్‌లు విడివిడిగా ఉన్నాయి. కొన్ని కోటి నొక్కులకు, కొన్ని రెండు కోట్లకు, ఎనిమిది కోట్లవీ ఉన్నాయి. ఆ అంకెలు ఎక్కువగా రేకు విరగకుండా ఉండే లెక్క అని, తాకుడు అంతకు ముందే చెడొచ్చని దాచుకోకుండా చెప్పాడు. నొక్కు మరీ గట్టిగా ఉంటే పెద్ద వయసు వేళ్లకు సాయంత్రానికి నొప్పి పుడుతుందని, రెండు మూడు స్విచ్‌లు చిన్నాయన వేలి కింద పెట్టి నొక్కించి మెత్తనిది ఏరాడు. ఇంత చూసి ఇచ్చేవాళ్లను నేను కొత్త మౌస్ అమ్మే ఏ కౌంటర్ దగ్గరా చూడలేదు.

లెడ్ తగిలించి, బోర్డు తుడిచి, మూత బిగించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. స్విచ్‌తో కలిపి నూటయాభై రూపాయలు తీసుకున్నాడు.

మళ్లీ పదిసార్లు నొక్కమన్నాడు. చిన్నాయన ఆ ప్రోగ్రాం వద్దని, తెలుగు టైపు చేసే పేజీ ఒకటి తెరవమన్నాడు. రెండు చేతులతో మెల్లగా ఒక పేరు కొట్టాడు. చూడగానే నాకు తెలిసింది, శుభలేఖలోంచి పోయిన పేరు. ఆ పేరు ముందు క్లిక్ చేశాడు. ఒక్క క్షణం ఆగి, స్పేస్ నొక్కాడు. పేరు కొద్దిగా పక్కకు జరిగి అక్కడే నిలిచింది.

మళ్లీ నొక్కి చూశాడు. మూడోసారి కూడా.

తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, జేబులోంచి డబ్బులు తీస్తూ అన్నాడు: "అట్లాంటివే ఇంకో నాలుగు కట్టియ్యి తమ్మీ. కుడిదిక్కుది గూడ ఎప్పుడో పోతది గద."